లారీకి గాలి గొట్టం మారిస్తే ఇంజను బలం పెరుగుతుందా?

వాహన సందేహాలు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: అయ్యా, మాకు రెండు పది చక్రాల లారీలు ఉన్నాయి. ఎక్కువగా గంగవరం పోర్టు నుంచి బొగ్గు, ఉక్కు కర్మాగారం నుంచి ఇనుప సరుకు తోలుతుంటాం. క్యాబిన్ వెనక నిలువుగా ఉండే గాలి గొట్టాన్నీ, డబ్బా లాంటి ఎయిర్ క్లీనరునూ తీసేసి, టర్బోకు దగ్గరగా శంకువు ఆకారంలో ఉండే ఫిల్టరు బిగిస్తే పికప్ బాగా పెరుగుతుందనీ, లీటరుకు అర కిలోమీటరు మైలేజీ కూడా కలిసొస్తుందనీ ఆటోనగర్‌లో ఒక మెకానిక్ చెబుతున్నాడు. తోటి యజమాని ఒకరు అలా చేయించుకుని బండి తేలిగ్గా లాగుతోందని అంటున్నారు. ఈ ఖర్చు పెట్టవచ్చునా?
– ఒక లారీ యజమాని, గాజువాక

జవాబు: పెట్టవద్దు. బండి మంచి స్థితిలో ఉన్నప్పుడు కంపెనీ అమర్చిన గాలి ఏర్పాటును మార్చినందువల్ల ఇంజను బలం చెప్పుకోదగినంతగా పెరగదు. మీరు తిరిగే రోడ్ల మీద ఇంజను ఆయుష్షు మాత్రం తప్పకుండా తగ్గుతుంది. మీ మెకానిక్ కావాలని తప్పుదారి పట్టిస్తున్నాడని నేను అనుకోవడం లేదు. ఎక్కువ గాలి వెళితే ఎక్కువ బలం వస్తుందన్న మాటలో కొంత నిజం ఉంది, కానీ అది వర్తించేది వేరే రకం ఇంజనుకు.

ఇలాంటి ఫిల్టరు కిట్ల వాడకం అమెరికాలో పెద్ద పెట్రోలు ఇంజన్లున్న కార్లు, పికప్ ట్రక్కుల యజమానుల్లో బాగా వ్యాపించింది. టర్బో (ఇంజను పొగ వత్తిడితో తిరిగి గాలిని నొక్కి లోపలికి పంపే సాధనం) లేని పెట్రోలు ఇంజనులో లోపలికి వెళ్లే గాలిని బట్టే పెట్రోలు కలుస్తుంది కనుక, ఇంజను అత్యధిక వేగంతో తిరిగే సమయంలో గాలి దారిలోని అడ్డంకి తగ్గిస్తే కొద్దిపాటి బలం దక్కే అవకాశం ఉంటుంది. మీ లారీది టర్బో డీజిల్ ఇంజను. అందులో బలాన్ని నిర్ణయించేది డీజిల్. యాక్సిలరేటరు తొక్కినప్పుడు పెరిగేది పంపు లేదా ఇంజెక్టరు పంపే డీజిల్ పరిమాణమే. ఒక కిలో డీజిల్ పూర్తిగా మండడానికి సుమారు 14.5 కిలోల గాలి చాలు. డీజిల్ ఇంజను నిండు లోడు మీద కూడా అంతకంటే ఎక్కువ గాలినే తీసుకుంటుంది, తేలిక లోడు మీద దానికి రెండు మూడు రెట్లు తీసుకుంటుంది. అవసరానికి మించి ఉన్న గాలికి మరికొంత చేర్చి, డీజిల్‌ను అలాగే ఉంచితే కొత్త బలం ఎక్కడి నుంచీ రాదు. బియ్యం పెంచకుండా ఎసరు మాత్రం పెంచితే అన్నం ఎక్కువ కాదు.

ఇక అడ్డంకి సంగతి. కంపెనీ ఫిల్టరు గాలిని బిగపడుతోందన్నది మీ మెకానిక్ వాదన. ఎంత బిగపడుతోందో కొలవవచ్చు. ఫిల్టరుకూ టర్బోకూ మధ్య ఏర్పడే పీల్పును నీటిమట్టం తేడాతో లెక్కిస్తారు. బరువు వాహనాల్లో కొత్త ఫిల్టరు ఉన్నప్పుడు, ఇంజను నిండు లోడుతో పూర్తి వేగంలో తిరుగుతుంటే ఇది సాధారణంగా 250 నుంచి 380 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. 635 మిల్లీమీటర్లకు, అంటే 25 అంగుళాలకు చేరితే ఫిల్టరు మార్చాలన్నది అనేక టర్బో డీజిల్ ఇంజన్లకు పాటించే హద్దు. వాతావరణ పీడనం ఇదే కొలతలో 10,300 మిల్లీమీటర్లకు పైగా ఉంటుంది. అంటే కొత్త ఫిల్టరు పెట్టే అడ్డంకి మొత్తం మూడు నాలుగు శాతాన్ని మించదు. శంకువు ఫిల్టరు దాన్ని పూర్తిగా తొలగించదు, కొంత తగ్గిస్తుంది. ఆ కొంత కూడా ఇంజనుకు నేరుగా అందదు. టర్బో నిర్ణీత పీడనానికి చేరగానే వేస్ట్‌గేటు అనే కవాటం తెరుచుకుని దాన్ని అక్కడే ఆపుతుంది కనుక, ముందున్న అడ్డంకి తగ్గితే టర్బో కాస్త తక్కువ శ్రమతో అదే పీడనం ఇస్తుంది, అంతకుమించి ఇవ్వదు.

పైగా ఫిల్టరును క్యాబిన్ కిందకు తెస్తే వేడి గాలి సమస్య మొదలవుతుంది. వేసవి మధ్యాహ్నం బయట 35 డిగ్రీలుంటే, ఇంజను పక్కన, ఎగ్జాస్టు గొట్టానికి దగ్గరలో 55 డిగ్రీలు ఉండడం వింత కాదు. గాలి వేడెక్కితే పలచబడుతుంది. ఈ ఇరవై డిగ్రీల తేడాకే అదే ఘనపరిమాణంలో ఉండే గాలి బరువు సుమారు ఆరు శాతం తగ్గుతుంది. టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలరు ఇందులో కొంత సర్దుతుంది గాని, మూడు శాతం కోసం ప్రయత్నించి ఆరు శాతం వదులుకోవడంలో లాభం లేదు. క్యాబిన్ వెనక ఆ గొట్టాన్ని అంత ఎత్తున నిలబెట్టడం అలంకారానికి చేసినది కాదు. అక్కడ గాలి చల్లగా ఉంటుంది, ముందు టైర్లు లేపే దుమ్ము అక్కడికి తక్కువగా చేరుతుంది, వానాకాలంలో రైలు వంతెనల కింద నిలిచే నీటిలో దిగినప్పుడు ఇంజనులోకి నీరు పోకుండా కాపాడేదీ ఆ ఎత్తే. నీరు సిలిండరులోకి చేరితే అది నొక్కుకోదు కనుక కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. ఆ ఒక్క రిపేరు ఖర్చు ముందు డీజిల్‌లో మిగిలిందనుకున్నదంతా ఏ మూలకూ రాదు.

అయితే మీ విషయంలో అన్నిటికంటే ముఖ్యమైనది దుమ్ము. సుమారు ఆరు లీటర్ల ఇంజను నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతుంటే, టర్బో కూడా కలిపి స్థూలంగా నిమిషానికి 12 ఘనమీటర్ల గాలిని మింగుతుంది. గంటకు 720 ఘనమీటర్లు. బొగ్గు యార్డులో, ఖనిజం గుట్టల మధ్య ఘనమీటరు గాలిలో ఒక మిల్లీగ్రాము ధూళి ఉందనుకుందాం. రోజుకు పది గంటల చొప్పున నెలకు 25 రోజులు అటువంటి గాలిలోనే బండి నడిస్తే ఫిల్టరు దాకా చేరే ధూళి 180 గ్రాములు. 99.9 శాతం పట్టుకునే కాగితపు ఫిల్టరు అందులో 0.18 గ్రాము మాత్రమే వదులుతుంది. 99 శాతం పట్టుకునే ఫిల్టరు 1.8 గ్రాములు వదులుతుంది. వినడానికి ఒక శాతం కంటే తక్కువ తేడా, ఇంజనులోకి పోయే మట్టి మాత్రం పది రెట్లు. కనుక ఏ ఫిల్టరు కొన్నా ఎయిర్ ఫిల్టర్ల పరీక్షకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 5011 ప్రకారం పరీక్షించిన ఫలితం చూపమని అడగండి. గాలి ఎంత సులువుగా వెళుతుందో చెప్పే ప్రకటన చూసి, దుమ్ము ఎంత ఆపుతుందో చెప్పని ఫిల్టరును నమ్మవద్దు.

ఇసుక రేణువుల్లో ఉండే సిలికా ఇంజను లోపలి ఇనుము కంటే గట్టిది. అయిదు నుంచి ఇరవై మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రేణువులు పిస్టన్ రింగులకూ లైనరు గోడకూ మధ్య ఉండే నూనె పొరలో ఇరుక్కుని రెండింటినీ అరగదీస్తాయి. రింగులు అరిగితే కంప్రెషన్ తగ్గి, పొద్దున్నే స్టార్టు కావడం కష్టమై, ఆయిల్ తినడం మొదలై, చివరికి ఇంజను బోరుకు వస్తుంది. ఆటోనగర్‌లోని ఒక షెడ్డులో విప్పి పెట్టిన టర్బోను ఈ మధ్య దగ్గరగా చూశాను. గాలిని పీల్చే వైపు చక్రానికి రెక్కల అంచులు కత్తిలా పలచగా ఉండవలసింది పోయి, ఉప్పుకాగితంతో రుద్దినట్టు గుండ్రంగా అరిగి ఉన్నాయి. లోపలి గొట్టంలో వేలు పెట్టి తీస్తే బూడిదరంగు పొడి అంటుకుంది. ఆ బండి యజమాని కూడా పికప్ కోసమే ఫిల్టరు మార్పించారు.

మరి మీ మిత్రుని బండి తేలిగ్గా లాగుతోందంటే దానికీ కారణాలున్నాయి. ఆయన పోల్చింది బహుశా మూసుకుపోయిన పాత ఫిల్టరునూ, కొత్త శంకువు ఫిల్టరునూ. కంపెనీ ఫిల్టరే కొత్తది వేసినా అంత మార్పూ కనిపించేది. రెండోది శబ్దం. డబ్బా తీసేస్తే టర్బో ఈల స్పష్టంగా వినిపిస్తుంది, ఆ శబ్దం వింటున్న డ్రైవరుకు బండి చురుగ్గా ఉందనిపించడం సహజం. మైలేజీ విషయానికి వస్తే, అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో ఆధునిక పెట్రోలు కార్లపై పరీక్షలు చేసి, ఫిల్టరు బాగా మూసుకుపోయినా మైలేజీలో చెప్పుకోదగిన తేడా లేదనీ, పికప్ మాత్రమే తగ్గిందనీ తేల్చింది. మూసుకుపోతేనే మైలేజీ పెద్దగా పడిపోనప్పుడు, బాగున్న ఫిల్టరును తీసేసినంత మాత్రాన లీటరుకు అర కిలోమీటరు ఎలా వస్తుంది? పరీక్షించి చూడాలని మీకు ఇంకా ఉంటే ముందు కంపెనీ ఫిల్టరే కొత్తది వేయించి, అదే రోడ్డులో, అదే లోడుతో, అదే డ్రైవరుతో, ట్యాంకు నిండా పోయించి మళ్లీ నింపేటప్పటికి పట్టిన డీజిల్‌ను లెక్కకట్టండి.

మీరు పెట్టదలచుకున్న డబ్బుకు మంచి దారి ఒకటుంది. బండి నిజంగా లాగకపోతే టర్బో నుంచి ఇంటర్‌కూలరుకూ, అక్కడి నుంచి ఇంజనుకూ వెళ్లే రబ్బరు గొట్టాలను ముందుగా చూడండి. మన సముద్రపు ఉప్పుగాలికి క్లాంపులు తుప్పుపట్టి వదులవుతాయి. అక్కడ లీకు ఉంటే టర్బో కూర్చిన గాలి బయటికి పోతుంది. లోడు మీద బుసమని శబ్దం వస్తుంది, కీలు చుట్టూ నూనె కలిసిన నల్లటి మరక పడుతుంది. పాత బండ్లలో నల్లపొగ కూడా కనిపిస్తుంది. బీఎస్6 కాలుష్య ప్రమాణాల ప్రకారం వచ్చిన బండ్లలో పొగను ఎగ్జాస్టులోని ఫిల్టరు పట్టుకుంటుంది కనుక బయటికి ఏమీ కనిపించదు. దానికి బదులు ఆ ఫిల్టరు మాటిమాటికీ నిండి, శుభ్రపరుచుకునే ప్రక్రియ తరచుగా మొదలవుతుంది. ఇంటర్‌కూలరు రెక్కల మధ్య చేరిన బొగ్గు పొడిని కూడా కడిగించండి. ఎయిర్ ఫిల్టరుకూ టర్బోకూ మధ్య ఉండే గొట్టం మరీ జాగ్రత్తగా చూడవలసినది. అది పీల్చే వైపు ఉంటుంది కనుక చీలిక పడితే శబ్దం రాదు, బలమూ తగ్గదు, దుమ్ము మాత్రం ఫిల్టరును దాటి తిన్నగా ఇంజనులోకి పోతూ ఉంటుంది. ఆ గొట్టాన్ని విప్పి లోపల తెల్లటి గుడ్డతో తుడిచి చూడండి. గుడ్డకు మట్టి అంటితే లీకు ఉన్నట్టే. ఆయిల్ మార్చేటప్పుడు పాత ఆయిల్ నమూనాను పరీక్షకు పంపితే అందులో దుమ్ము నుంచి చేరే సిలికాన్ మోతాదు పెరగడం కూడా ఇదే సంగతి చెబుతుంది.

ప్రశ్న: నేను శృంగవరపుకోట నుంచి అరకుకు సరుకు వేసే టర్బో డీజిల్ పికప్ వాహనం నడుపుతాను. అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు బండి బలం తగ్గిపోతుంది. కొండ మీద గాలి తక్కువ కాబట్టి గాలి పైపు పెద్దది చేయించమంటున్నారు. నిజమేనా?
– ఒక డ్రైవరు, శృంగవరపుకోట

జవాబు: కొండ మీద గాలి పలచబడుతుందన్నది నిజం. సముద్రమట్టానికి వెయ్యి మీటర్లు పైకి వెళ్లేసరికి పీడనం సుమారు పదకొండు శాతం తగ్గుతుంది. పైపు పెద్దది చేసినా బయటి గాలి పలచగానే ఉంటుంది కనుక ఆ లోటు పైపుతో తీరేది కాదు. దాన్ని తీర్చడం టర్బో పని. ఎత్తు పెరిగినప్పుడు అది మరింత వేగంగా తిరిగి చాలావరకు భర్తీ చేస్తుంది. టర్బో లేని పాత ఇంజన్లకే అక్కడ నల్లపొగ, బలహీనత ఎక్కువ.

మీకు ఘాట్‌లో బలం తగ్గడానికి ఎత్తు కంటే వేగం తగ్గడం, వేడి పెరగడం పెద్ద కారణాలు కావచ్చు. మలుపుల్లో బండి నెమ్మదిగా వెళుతుంటే ఇంటర్‌కూలరుకు ఎదురుగాలి తగలదు, ఇంజనులోకి వెళ్లే గాలి వేడిగానే ఉండిపోతుంది. పై గేరులోనే లాగించాలని చూస్తే ఇంజను వేగం పడిపోయి టర్బోకు చాలినంత పొగ వత్తిడి అందదు. మీ వాహనం పుస్తకంలో గరిష్ఠ టార్క్ (ఇంజను తిప్పే బలం) ఏ ఇంజను వేగాల మధ్య వస్తుందో రాసి ఉంటుంది. మలుపుకు ముందే గేరు తగ్గించి ఆ హద్దుల్లో నడపండి. మంచు కురిసే నెలల్లో మరొక మాట గుర్తుంచుకోవాలి. కాగితపు ఫిల్టరు తడిస్తే ఉబ్బి గాలిని నిజంగానే బిగపడుతుంది. బండిని రాత్రి కొండ మీదే నిలిపి ఉంచితే, గాలి పైపు మూతి మీది టోపీ విరిగిపోలేదు కదా అని పొద్దున చూసుకోవడం మంచిది.

ప్రశ్న: నమస్కారమండి. మా వారు పోయాక లారీ వ్యవహారం నేనే చూసుకుంటున్నాను. మా డ్రైవరు ప్రతి వారమూ ఎయిర్ ఫిల్టరు తీసి టైరుకు కొట్టి దులిపి, కంప్రెసరు గాలితో ఊది మళ్లీ పెడుతున్నాడు. అలా చేస్తే బండి బాగా లాగుతుందంటాడు. అది సరైన పద్ధతేనా?
– ఒక పాఠకురాలు, పెందుర్తి

జవాబు: అమ్మా, డ్రైవరు శ్రద్ధ మెచ్చుకోవలసినదే, పద్ధతి మాత్రం ఇంజనుకు హాని చేస్తుంది. టైరుకేసి కొడితే ఫిల్టరు అంచున ఉండే రేకు లేదా రబ్బరు వంగి, మళ్లీ బిగించినప్పుడు సందు మిగులుతుంది. ఎక్కువ పీడనంతో ఊదితే కాగితంలో కంటికి కనిపించని చిల్లులు పడతాయి. పైగా వాడుతున్న ఫిల్టరు మీద పేరుకున్న పలుచని దుమ్ము పొర కూడా సన్నటి రేణువులను ఆపడంలో తోడ్పడుతుంది. అందువల్ల కొంత వాడిన ఫిల్టరు కొత్తదాని కంటే మెరుగ్గా వడకడుతుంది, దాన్ని వారం వారం విప్పడం ఏ విధంగానూ మేలు కాదు. విప్పిన ప్రతిసారీ డబ్బాలోని దుమ్ము శుభ్రమైన వైపు రాలే ప్రమాదం కూడా ఉంది.

ఎప్పుడు విప్పాలో చెప్పడానికి చాలా లారీలకు ఒక చిన్న సాధనం ఉంటుంది. ఎయిర్ క్లీనరు డబ్బా మీదనో, టర్బోకు వెళ్లే గొట్టం మీదనో బొటనవేలంత పారదర్శకమైన బుడ్డి బిగించి ఉంటుంది. ఫిల్టరు మూసుకుపోయేకొద్దీ అందులో ఎర్రటి పట్టీ కదులుతూ వచ్చి, హద్దు దాటగానే పూర్తిగా కనబడి అక్కడే నిలిచిపోతుంది. ఇంజను ఆపినా అది వెనక్కి పోదు కనుక బండి ఇంటికి వచ్చాక మీరే స్వయంగా చూడవచ్చు. ఎరుపు నిండితే ఫిల్టరు మార్పించి, దాని మీది గుండీ నొక్కితే అది మొదటి స్థితికి వస్తుంది. కొత్త బండ్లలో ఇదే హెచ్చరిక డ్యాష్‌బోర్డు మీద దీపంగా వస్తుంది. ఆ సాధనం విరిగిపోయి ఉంటే ముందు అది కొనండి, ధర పెద్దది కాదు.

డబ్బా అడుగున బాతు ముక్కులా చీలిక ఉన్న రబ్బరు మూతి ఒకటి ఉంటుంది. పెద్ద రేణువులు గాలి సుడిలో పడి అక్కడికి జారి బయటికి రాలిపోతాయి. డ్రైవరు ప్రతి వారం చేయవలసిన పని ఏదైనా ఉంటే అది ఈ మూతిని రెండు వేళ్లతో నొక్కి, నిలిచిపోయిన దుమ్మును రాల్చడమే. రబ్బరు గట్టిపడి పెదవులు విడిపోయి ఉంటే మార్పించండి. లోపల పెద్ద ఫిల్టరు మధ్యలో చిన్న రక్షక ఫిల్టరు మరొకటి ఉంటుంది. దాన్ని ఎన్నడూ శుభ్రం చేయకూడదు, కంపెనీ చెప్పిన గడువు రాగానే మార్చాలి. తప్పనిసరి పరిస్థితిలో పెద్ద ఫిల్టరును ఊదవలసి వస్తే లోపలి నుంచి బయటికి, రెండు బార్లకు మించని గాలితో, నాజిల్‌ను కాగితానికి దూరంగా పట్టుకుని ఊదాలి. ఊదాక లోపల చిన్న దీపం పెట్టి చీకట్లో చూస్తే ఎక్కడైనా వెలుతురు చుక్క కనిపించకూడదు.

ప్రశ్న: బీఎస్6 బండికి కడిగి, నూనె పట్టించి వాడుకునే ఎయిర్ ఫిల్టరు పెడితే గ్యారంటీ, చలానా సమస్యలు ఉంటాయా?
– ఒక పాఠకుడు, అనకాపల్లి

జవాబు: ముందు ఇంజనుకే సమస్య రావచ్చు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 వాహనాల్లో చాలావాటికి గాలి దారిలో దాని పరిమాణాన్ని కొలిచే సున్నితమైన సెన్సరు ఉంటుంది. ఫిల్టరుకు నూనె ఎక్కువగా పట్టిస్తే అది ఎగిరి సెన్సరు మీద పొరలా పేరుకుంటుంది. పైపు వెడల్పు మారినా లెక్క తప్పుతుంది. అప్పుడు పొగలో కొంత తిరిగి ఇంజనులోకి పంపే ఏర్పాటు, ఎగ్జాస్టు శుద్ధి అన్నీ తారుమారై, హెచ్చరిక దీపం వెలిగి, కొన్ని బండ్లలో బలం దానంతటదే తగ్గిపోతుంది. దాని వల్ల జరిగిన నష్టాన్ని కంపెనీ గ్యారంటీ కింద ఒప్పుకోదనే అనుకోండి.

చట్టం సంగతి చూస్తే, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు భిన్నమైన మార్పులను నిషేధిస్తుంది. 2019 సవరణతో మార్చి రాసిన 182ఎ సెక్షన్, అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకు అయిదు వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ విధించవచ్చని చెబుతుంది. కొలతలు సరిపోయే మామూలు ఫిల్టరును మరో తయారీదారు దగ్గర కొనడం వేరు, గాలి దారినే మార్చేయడం వేరు. అమెరికాలోని కాలిఫోర్నియాలో కూడా ఇలాంటి కిట్టును రోడ్డు మీద వాడాలంటే అక్కడి ఎయిర్ రిసోర్సెస్ బోర్డు అనుమతి సంఖ్య ఉండాలి. మీరు కొనదలచిన కిట్టుకు ఇక్కడి అనుమతి పత్రం ఏమైనా ఉందా అని దుకాణదారును అడగండి. చూపలేకపోతే కంపెనీ ఫిల్టరుతోనే కొనసాగండి.